ఇందిరమ్మ పోయిన నాడు మీరు ఏడున్నరు?

(హన్మకొండలో, ఊళ్ల చరిత్ర సేకరించే యువతీయువకుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట తీరు ఉన్నదున్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నోళ్లకు వినిపిస్తుందా? సరే. ఆ పై ఫ్యాను కొంచెం తగ్గించు తమ్మీ. రికార్డింగు చెడగొట్టడంలో దాని వాటా ఎంతో తర్వాత చెప్తాను.

మీరు ఊళ్లకు పోయి అడగబోయే ప్రశ్న చాలా చిన్నది. "ఇందిరమ్మను కాల్చి చంపిన్రని తెల్సినప్పుడు మీరు ఏడున్నరు?" రాజీవ్ గాంధీ గురించి కూడా అదే ప్రశ్న. తొంభైకి దగ్గరపడ్డవాళ్లు దొరికితే గాంధీజీ గురించి అదే ప్రశ్న. అడిగి చూడండి. నిన్న ఏం కూర తిన్నరో తడుముకునే మనిషి కూడా ఆ పూట సంగతి టకటకా చెప్తాడు. ఏ అరుగు మీద కూచున్నదీ, ఎవరు ఉరుక్కుంట వచ్చి చెప్పిందీ, చేతిలో చాయ్ చల్లారిపోయిందీ, అన్నీ. అంత తేటగా చెప్పేసరికి మనం రాసుకొని, దండం పెట్టి లేచి వస్తాం. పని అక్కడే చెడుతుంది.

ఇట్లాంటి యాదిని శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరీక్షిస్తున్నారు. 1963 నవంబర్ 22న అమెరికా అధ్యక్షుడు కెనెడీని చంపారు కదా. ఆ వార్త విన్నప్పుడు ఎక్కడున్నారని జనాన్ని అడిగి, రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ అనే ఇద్దరు 1977లో దీనికి ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకం అని పేరు పెట్టారు. పేరు బాగా నిలిచింది. కానీ ఆ యాది నిజంగా ఫొటో అంత నికరమా అని తేల్చాలంటే, సంఘటన జరిగిన వెంటనే రాయించిన కాగితం ఒకటి చేతిలో ఉండాలి. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు పొద్దున్నే ఉల్రిక్ నైసర్ అనే ప్రొఫెసర్ ఆ పని చేశాడు. విద్యార్థులతో వార్త ఎట్లా తెలిసిందో రాయించి దాచిపెట్టాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగితే, నాలుగో వంతు మంది చెప్పినదాంట్లో ముఖ్యమైన సంగతి ఒక్కటి కూడా మొదటి కాగితంతో కలవలేదు. వాళ్ల చేతిరాత వాళ్లకే చూపించినా, ఇప్పుడు చెప్పేదే ఖాయం అన్నవాళ్లున్నారు.

2001లో న్యూయార్క్ జంట భవనాల మీద దాడి తర్వాత ఇంకా పెద్ద ఎత్తున, పదేళ్ల దాకా ఇదే పరీక్ష నడిచింది. మనకు పనికొచ్చే సంగతులు రెండు. మొదటిది, మారాల్సినదంతా దాదాపు మొదటి ఏడాదిలోనే మారిపోతుంది, ఆ తర్వాత గట్టిపడుతుంది. తప్పు దొర్లితే తప్పే గట్టిపడుతుంది, ఏళ్ల తరబడి అదే తప్పు చెప్తారు. రెండోది, ఎక్కడున్నరు, ఎవరు చెప్పిన్రు అన్నవి కొంచెం నిలబడతాయి. ఆ క్షణంలో మనసుకు ఎట్లనిపించింది అన్నదే అన్నిటికన్నా ఎక్కువ మారుతుంది. మన టీవీ విలేకరులు ముందుగాల మైకు పెట్టి అడిగేది ఆ ఒక్కటే, అది వేరే సంగతి.

(నవ్వులు)

అందుకని గొంతులోని ధీమా చూసి తేదీలు, గంటలు నమ్మొద్దు. మరి ఇంత కష్టపడి అడగడం ఎందుకు? ఢిల్లీలో ఏం జరిగిందో మనకు చెప్పాల్సింది వరంగల్ ముసలవ్వ కాదు. ఆ సంగతి ఫైళ్లలో ఉంది, కోర్టు తీర్పుల్లో ఉంది. వార్త మన వాడకు ఏ దారిన వచ్చింది, ఎవరి నోట వచ్చింది, వచ్చే తోవలో ఏమేం కలిసింది, విన్నాక దుకాణం మూసిందెవరు, మూయించిందెవరు? ఇవి ఏ ఫైల్లోనూ లేవు. మనం తేవాల్సింది వీటిని.

అడగబోయే ముందు ఈ మూడు చావుల తేదీల లెక్క మీ నోటికి వచ్చి ఉండాలి. ఇందిరమ్మది 1984 అక్టోబర్ 31, బుధవారం. పొద్దున 9 దాటి 20 నిమిషాల ప్రాంతంలో సఫ్దర్‌జంగ్ రోడ్డు ఇంటి ఆవరణలో కాల్పులు. కాల్చింది అంగరక్షకులు బియాంత్ సింగ్, సత్వంత్ సింగ్. ఎయిమ్స్‌లో మధ్యాహ్నం 2:20కి చనిపోయారని ప్రకటించారు. చనిపోయిన మాట బీబీసీ ముందే చెప్పింది, ఆకాశవాణి అధికారికంగా చెప్పింది మాత్రం సాయంత్రమే. ఆ సాయంత్రమే రాజీవ్ ప్రమాణ స్వీకారం. అంత్యక్రియలు నవంబర్ 3, శనివారం.

ఇప్పుడు ఒక మిల్లు కార్మికుడు మీకు ఇట్లా చెప్పాడనుకోండి. "నేను ఆజంజాహి మిల్లుల డ్యూటీ దిగి వస్తున్న. పగటీలి రెండు గంటలైతది. హోటల్ కాడ రేడియో వెట్టిన్రు. ఇందిరమ్మ సచ్చిపోయిందని తెలుగుల చెప్పిండు. టీవీల పువ్వులల్ల పండవెట్టిన్రు. మా పోరగాండ్లను బడి నుంచి తోలిచ్చిన్రు."

ఒక్కొక్క ముక్క విడదీద్దాం. రెండు గంటలకు తెలుగు రేడియోలో చనిపోయిందని చెప్పే వీలు లేదు. అయితే ఆ టైముకు కాల్పుల మాట ఊరంతా పాకింది. హిందీ వచ్చినవాళ్లు బీబీసీ హిందీ పట్టి ఉండవచ్చు. బీబీసీకి అప్పుడు తెలుగు ప్రసారమే లేదు, అది 2017లో వచ్చింది. కాబట్టి హోటల్లో ఎవరో హిందీలో విని తెలుగులో చెప్పిన మాటే, ఇన్నేళ్లలో రేడియో మాటగా మారిపోయి ఉండవచ్చు. అట్లయితే మనకు దొరికింది తప్పు కాదు, ఒక మనిషి దొరికాడు. ఆ చెప్పినాయన ఎవరు? రైల్వేనా, పటాలంలో పనా, మిల్లు గుమాస్తానా? అదే అడగండి. ఇక పువ్వుల్లో పండబెట్టిన దృశ్యం ఆ మధ్యాహ్నానిది కాదు. తీన్‌మూర్తి భవన్‌లో జనం చూడటానికి ఉంచింది తర్వాత రోజుల్లో. ఆ మూడు నాలుగు రోజుల టీవీ అంతా వచ్చి ఒక్క పూటలో కూచున్నది. అసలు ఆ తేదీకి ఆ వాడలో టీవీ ఎవరింట్లో ఉండె, బొమ్మ వచ్చేదా, ఎందరు పోయి చూసేవాళ్లు అని విడిగా అడగాలి. బడి మాట మాత్రం గట్టిగా నిలబడుతుంది. బుధవారం, బడి నడిచే రోజు, దసరా దీపావళి రెండూ దాటినై. ఇక డ్యూటీ దిగిన టైము. మిల్లు 2002లో మూతపడ్డది కానీ అందులో పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు. షిఫ్టు ఎప్పుడు వదిలేదో, సైరన్ ఎన్ని గంటలకు కూసేదో ఇంకో ఇద్దరిని, ఒకరికి తెలియకుండా ఒకరిని అడగండి. సింగరేణి వైపు పోయేవాళ్లకు ఇది ఇంకా సులువు. బాయి, అంటే బొగ్గు గని, దిగినోళ్లకు షిఫ్టు యాది ఉన్నంత బాగా తేదీ యాది ఉండదు. దిగేటప్పుడు ఒక లోకం, ఎక్కి వచ్చేసరికి ఇంకో లోకం అని చెప్పేవాళ్లు తప్పకుండా తగులుతారు. ఏ షిఫ్టు అని అడిగితే వార్త ఆ బాయి మీదికి ఏ గంటకు చేరిందో బయటపడుతుంది.

1984కు మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను దింపారు, సెప్టెంబర్ 16న మళ్లీ ఎక్కించారు. ఆ నెలంతా బందులు, ఊరేగింపులు. చాలామంది ఆ బందులను తెచ్చి ఇందిరమ్మ చావు దగ్గర పెడతారు. దీన్ని విడదీయడానికి "అప్పటికి ఎన్టీఆర్ మళ్లీ ఎక్కిండా?" అని అడగండి. ఆ ఏడాది చివరి సంగతులను విడదీయడానికి ఇంకో కొయ్యగుంజ ఉంది. అప్పుడు కేంద్ర హోంమంత్రి పి.వి. నరసింహారావు. ఆయనే హన్మకొండ ఎంపీ. రెండు నెలలు తిరగకముందే డిసెంబర్ ఎన్నికల్లో, దేశమంతా సానుభూతి గాలి వీస్తుంటే, ఇక్కడ ఆయన చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. "అప్పటికి పీవీ గెలిచి ఉన్నడా, ఓడిపోయిండా?" అని అడిగితే చాలామందికి ముందూ వెనకా చక్కబడుతుంది.

రాజీవ్ గాంధీది 1991 మే 21, మంగళవారం. శ్రీపెరుంబుదూర్‌లో రాత్రి 10:20 ప్రాంతంలో పేలుడు. అదే సాయంత్రం ఆయన విశాఖపట్నంలో ప్రచారం చేసి మద్రాసు పోయారు. ఇక్కడ పరీక్ష చాలా తేలిక. బడి నుంచి పంపించారని ఎవరన్నా చెప్తే అది రాజీవ్ కాదు, ఇందిర. మేలో ఎండకాలం సెలవులు, పైగా రాత్రి. అమావాస్య చీకటి అన్నా కుదరదు. అమావాస్య దాటి వారమైంది, సగం చందమామ పొద్దుపోయేదాకా ఉన్నది. ఆరుబయట మంచాలు వేసుకొని పండుకున్నం అంటే సరిగ్గా కుదురుతుంది. ఏటూరునాగారం, మంథని, ఆదిలాబాద్ అడవుల వైపైతే తునికాకు, అంటే బీడీ ఆకు, కోసే రోజులు. కల్లం కాడ ఆకు కట్టలు లెక్కపెట్టేటప్పుడు కల్లేదారు చెప్పిండంటే అది రాత్రి కాదు, 22 పొద్దుగాల అయి ఉంటుంది. పంట పనులతో కూడా ఇట్లాగే చూడాలి. ఇందిరమ్మ పోయిననాడు నాట్లేస్తున్నం అంటే ఆగి ఇంకొకసారి అడగండి. అక్టోబర్ చివర మన దగ్గర కోతల ముచ్చట ఉంటుంది గాని నాట్ల ముచ్చట ఉండదు.

మర్నాటి పేపరు గురించి అందరూ చెప్తారు. 10:20 అంటే జిల్లాకు పోయే పేపరు కట్టలు అచ్చుకు పోయే వేళ. కొన్ని ఊళ్లకు వార్త ఉన్న పేపరు వచ్చి ఉంటుంది, కొన్నిటికి లేనిది వచ్చి ఉంటుంది. గ్రంథాలయంలో పాత ఫైలు చూసేటప్పుడు అది ఏ ఎడిషనో మొదలు చూడండి. హైదరాబాద్ కాపీలో ఉన్నదని పరకాలలో చదివారని రాయొద్దు. ఇంకొకటి, రాజీవ్‌ను చంపిన మానవబాంబు ధను పూలదండ పట్టుకొని నిలబడ్డ ఫొటో. మర్నాడే చూశామంటారు. ఆ ఫొటో తీసిన హరిబాబు ఆ పేలుడులోనే చనిపోయాడు, కెమెరా మిగిలింది. బొమ్మ పత్రికల్లోకి వచ్చింది కొన్ని రోజుల తర్వాత. ధను అనే పేరూ, చంపించింది ఎల్టీటీఈ (శ్రీలంక తమిళ పులులు) అన్న మాటా తర్వాతివే. తర్వాత తెలిసిన సంగతి వెనక్కి పోయి ఆ రాత్రిలో కూచుంటుంది. టీవీ కూడా అంతే. 1991లో మనకు దూరదర్శన్ తప్ప వేరే తెలుగు చానెల్ లేదు. జెమినీ, ఈటీవీ 1995లో వచ్చినై.

గాంధీజీది 1948 జనవరి 30, శుక్రవారం సాయంత్రం 5:17, బిర్లా హౌస్. అప్పుడు మనం నిజాం రాజ్యంలో ఉన్నాం. ఈ ఒక్క ముక్క మరిచిపోతే మీ ప్రశ్నలన్నీ తప్పిపోతాయి. ఇక్కడి రేడియో దక్కన్ రేడియో, అది కూడా పెద్దిండ్లలో. ఆ ఏడు ఇక్కడి జనానికి రజాకార్ల ఏడు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్ల ఊచకోత, సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్, అంటే భారత సైన్యం దిగడం, మొదలు, 17న నిజాం లొంగుబాటు. 1940లో పుట్టినవాళ్లకు అప్పుడు ఎనిమిదేళ్లు. వాళ్లు గాంధీ మరణాన్ని "మిలిటరీ రాకముందు" అని కొలుస్తారు, తారీఖుతో కాదు. ఎవరింట్లోనన్నా పాత దస్తావేజు, బడి కాగితం చూపిస్తే ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు వాడిన ఏడాది లెక్క, ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దానికి 590 కలపాలి, జనవరి నుంచి 591. ఫసలీ 1357 అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ మొదటి రోజుల దాకా. ఈ ఒక్కటి కలపడం తప్పితే మనిషి వయసు ఏడాది అటూ ఇటూ అవుతుంది.

మూడు చావులకూ తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "ఎవరు చంపిన్రని మొదలు చెప్పిన్రు?" 1948లో చంపింది ముస్లిం అనే పుకారు లేవకుండా, చంపినవాడు హిందువని రేడియోలో చెప్పాల్సి వచ్చింది. నిజాం రాజ్యంలో ఆ పుకారు ఎంతసేపు నిలిచిందో మనకు చెప్పగలిగేది ఆనాటి పిల్లలే. 1984లో సిక్కు అంగరక్షకులని తెలిశాక ఢిల్లీలోనే 2,733 మంది ప్రాణాలు పోయాయని ప్రభుత్వ లెక్క. కాజీపేట ఢిల్లీ-మద్రాసు లైను మీద జంక్షన్. రైల్వే క్వార్టర్లలో, జాతీయ రహదారి ధాబాల దగ్గర ఆ రోజుల్లో ఏం మాట్లాడుకున్నరో అడగాలి. 1991లో చంపిందెవరో తేలకముందే మన రాష్ట్రంలో తెలుగుదేశం వాళ్ల ఇండ్ల మీద, ఆస్తుల మీద దాడులు జరిగినై. మొదటి పుకారు ఎవరి వైపు వేలు చూపిందో తెలిస్తే, తర్వాత రాయి ఎటు పోయిందో అర్థమవుతుంది.

ఇప్పుడు అడిగే వరస. ముందు మీరు తేదీ చెప్పొద్దు, సంవత్సరం కూడా చెప్పొద్దు. "ఇందిరమ్మ పోయిన నాటి ముచ్చట చెప్పుండ్రి" అని ఊరుకోండి. ఆయన ఆగితే మీరు వెంటనే అందుకోవద్దు. మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు సంగతి ఆ పది తర్వాతే వస్తుంది. కథ అయిపోయినంక, ఆయన ఎన్నడూ ఎవరికీ చెప్పని వైపు నుంచి అడగండి. అప్పుడు చేతిలో ఏమున్నది? ఒంటి మీద ఏ బట్ట? అక్కడి నుంచి ఇంటికి ఎట్లా పోయిన్రు, బస్సు నడిచిందా? ఆ రాత్రి పొయ్యి వెలిగిందా? మర్నాడు పాలు ఎవరు పోసిన్రు? వందసార్లు చెప్పిన కథ నున్నగా అరిగి ఉంటుంది, ఈ ప్రశ్నలకు తయారు జవాబు ఉండదు. మనసుకు ఎట్లనిపించింది అన్నది ఆఖరుకు. "టీవీలో చూసిన్రా?" అని అడగొద్దు, మర్యాదకు అవును అంటారు. "ఎట్లా తెల్సింది?" అనే అడగండి. తేదీలు సరిచూసుకునే ప్రశ్నలు, పీవీ ప్రశ్న లాంటివి, అన్నీ అయిపోయాక. తప్పు కనబడితే అక్కడ దిద్దొద్దు. దిద్దితే ఆయన మీ మాటే తిరిగి చెప్తాడు. మీ కాగితంలో పక్కన రాసుకోండి.

ఆలుమగలను పక్కపక్కన కూచోబెట్టి అడగొద్దు. ఆయన చెప్తుంటే ఆమె తలూపుతుంది, అంతే. ఆమెను వేరేపూట, వీలైతే మన ఆడపిల్లలు పోయి అడగాలి. బీడీలు చుట్టేచోట, బోరింగు కాడ నడిచిన వార్త మగవాళ్ల హోటల్ వార్త కన్నా వేరే దారిన వచ్చి ఉంటుంది.

యంత్రం సంగతి. ఫోను చాలు, కాకపోతే విమానం గుర్తు నొక్కి ఫోన్లు రాకుండా చేయండి, లేకపోతే సగంలో తెగుతుంది. మనిషి నోటికి జానెడు, జానెడున్నర దూరంలో, మెత్తటి బట్ట మడిచి దాని మీద పెట్టండి. బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా పిడుగులా పడుతుంది. ఫ్యాను గాలి తగలకుండా ఉండాలి, ఆపితే ఇంకా మంచిది. ఎండకాలం ఆపమనలేం కాబట్టి పొద్దుగాల పూట పోండి. వేవ్ ఫార్మాట్, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో పెడితే గంటకు సుమారు 320 ఎంబీ అవుతుంది. ఫోన్లో 2 జీబీ ఖాళీ చూసుకొని బయల్దేరండి. ఒక నిమిషం రికార్డు చేసి, విని, అప్పుడు మొదలుపెట్టండి. మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పండి. పెద్దవాళ్లకు గంట, మహా అంటే గంటన్నర. ఏ చెవు బాగా వినబడుతుందో అడిగి ఆ వైపు కూచోండి. సిగ్గుపడాల్సింది లేదు.

ఇంటికి రాగానే మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్లో. రాసేటప్పుడు గంట మాటకు ఐదారు గంటలు పడుతుంది, అంతకన్నా త్వరగా అయిందంటే ఏదో వదిలేసినట్టే. "సచ్చిపోయిండు" అంటే అట్లాగే రాయండి, "మరణించారు" అని దిద్దొద్దు. అనుమానం ఉన్నచోట రికార్డులో ఎన్నో నిమిషమో పక్కన వేయండి.

ప్రశ్న (సభలోంచి): సార్, తేదీ కుదరకపోతే ఆ ముచ్చట తీసేయాలా?

తీసేయొద్దమ్మా. రెండు గడులు పెట్టుకో. ఒకదాంట్లో ఆమె చెప్పింది, ఇంకోదాంట్లో నువ్వు ఫైల్లో చూసింది. రెండూ కలవనిచోట ఎందుకు కలవలేదో తోచింది రాయి, తోచకపోతే ఖాళీగా వదిలేయి. ఒకే వాడలో ఆరుగురు ఒకే తప్పు చెప్పారనుకో, అది ఆరుగురి మరుపు కాదు. ఆ వాడలో ఒకే నోటి నుంచి నడిచిన మాట అయి ఉంటుంది. ఆ నోరెవరిదో వెతుకు.

ప్రశ్న: 1991లో దుకాణం కాలబెట్టినోళ్ల పేర్లు చెప్తే ఏం చేయాలి సార్? ఆ మనుషులు ఇంకా ఊళ్లోనే ఉన్నారు.

రికార్డు ఆపొద్దు, కానీ కూచోకముందే ఒప్పుకోలు కాగితంలో ఈ సంగతి చెప్పి ఉండాలి. ఏ ముక్క బయట పెట్టొద్దంటారో, ఎన్నేళ్ల దాకా పెట్టొద్దంటారో వాళ్లే చెప్తారు, ఆ సంవత్సరాన్ని కాగితం మీద రాసి వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. బయటికి పోయే ప్రతిలో పేర్లు తీసేసి "ఆ వాడ మనిషి" అని పెట్టు. పేర్లున్న ప్రతి మూసిన కవరులో, దాని మీద విప్పే సంవత్సరం. నీ ఫోన్లో మిగిలిన కాపీ సంగతి మరిచిపోకు తమ్మీ, వాట్సాప్‌లోకి పోయేది అదే. మూడు కాపీలు అయినంక ఆ రోజే ఫోన్లోంచి తుడిచేయాలి.